ట్యాంకులో తుప్పు: కార్బొరేటర్ రెండుసార్లు కడిగినా బండి మళ్లీ మొదటికే

మూలపడ్డబండి | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది 12 లీటర్ల ట్యాంకున్న కార్బొరేటర్ బండి. పని మీద వేరే ఊళ్లో ఉండాల్సి వచ్చి 11 నెలలు కవర్ కప్పి వదిలేశాను. అప్పటికి ట్యాంకు సగం కూడా లేదు. తిరిగొచ్చాక పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోశాను, బ్యాటరీ మార్చాను, స్టార్ట్ అయింది. అంతవరకు బాగానే ఉంది.

పది నిమిషాలు చక్కగా వెళ్తుంది. కాస్త స్పీడ్ అందుకోగానే పెట్రోల్ అయిపోయినట్టు దగ్గి దగ్గి ఆగిపోతుంది. రెండు నిమిషాలు ఆగి కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్. కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగించాను. కడిగిన రోజు బాగుంటుంది, మూడో రోజుకి మళ్లీ అదే కథ. ప్లగ్ కొత్తదే. ఇంకేం మార్చాలో తెలియడం లేదు.

అర్ధరాత్రిరైడర్ | రాత్రి 9:31

బ్రదర్, ముందు మూత చూడండి. ట్యాంకులో పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ కిందికి దిగదు. మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి. ఈసారి ఆగినప్పుడు మూత తెరవండి. స్స్ మని గాలి పీల్చుకుని వెంటనే స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే.

పాతస్పానర్ | రాత్రి 10:04

మూత చూడమనడం సరైన మాటే, రూపాయి ఖర్చు లేని పని. కానీ మూడు రోజులకోసారి జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) మూసుకుపోతోందంటే పైనుంచి ఏదో రాలుతోంది. ట్యాంకు సంగతి చూడకుండా కార్బొరేటర్ కడగడమంటే, కప్పు కారుతుంటే నేల తుడుస్తూ కూర్చోవడమే.

ఈ రెండు పనులు చేసి ఇక్కడ రాయండి. కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి గాజు సీసాలోకి వదలండి. ధార మొదట లావుగా వచ్చి నిమిషంలోపే సన్నబడుతోందా చూడండి. (కాక్ అంటే ట్యాంకు కింద పెట్రోల్ వదిలే కుళాయి. మీది ఇంజన్ వాక్యూమ్‌తో తెరుచుకునే కాక్ అయితే ప్రైమ్‌లో, అంటే ఇంజన్ ఆగి ఉన్నా పెట్రోల్ దిగేలా పెట్టాలి, లేకపోతే చుక్క కూడా రాదు.) తర్వాత ఆ సీసాని కదపకుండా గంటసేపు పక్కన పెట్టండి. ఆరుబయట చేయండి, దగ్గర్లో బీడీ సిగరెట్ ఏదీ వద్దు.

ఇంకొక్కటి. రిజర్వ్‌లో పెడితే బండి ఎలా నడుస్తోంది?

మూలపడ్డబండి | మంగళవారం సాయంత్రం 7:20

మూత తెరిచి చూశాను, శబ్దమేమీ రాలేదు, బండి కూడా వెంటనే లేవలేదు. రిజర్వ్ గురించి భలే అడిగారు మాస్టారూ. రిజర్వ్‌లో పెడితే ఇంకా ఘోరం, వంద మీటర్లు కూడా పోదు.

పైపు తీసి చూశాను. ధార మొదట చిటికెన వేలంత ఉంది, నలభై సెకన్లలో పుల్లంత అయింది. సీసా గంట తర్వాత చూస్తే అడుగున గోళీకాయంత నీటి బుడగ! సీసా వంచితే పాదరసంలా అటూ ఇటూ దొర్లుతోంది. దాని చుట్టూ ఇటుక పొడి లాంటి మట్టి. టార్చి వేసి ట్యాంకులోకి చూస్తే అడుగంతా కాఫీ రంగు.

పాతస్పానర్ | రాత్రి 8:02

ఇంకేం, అసలు విషయం బయటపడింది. కాక్‌కి ట్యాంకు లోపల రెండు దారులుంటాయి. మెయిన్ గొట్టం పైకి లేచి ఉంటుంది, రిజర్వ్ రంధ్రం అడుగుకు దగ్గరగా ఉంటుంది. నీళ్లు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, తుప్పూ అక్కడే. రిజర్వ్‌లో పెట్టగానే ఆ బురదంతా నేరుగా కార్బొరేటర్‌కి వెళ్తుంది. ఇక కాక్ చుట్టూ ఉండే సన్నటి జాలీకి తుప్పు పట్టుకున్నకొద్దీ ధార సన్నబడుతుంది. బండి ఆగాక కొంత పొడి కిందికి జారిపోతుంది, రెండు నిమిషాల తర్వాత స్టార్ట్ కావడం అందుకే.

కాక్ విప్పి జాలీ ఫొటో తీయండి, నా మాట అబద్ధమైతే చెప్పండి.

రెండోగేరు | రాత్రి 8:15

ఇంత తర్జనభర్జన ఎందుకు? బాత్రూం యాసిడ్ అర లీటరు పోసి ఊపి పారబోస్తే పది నిమిషాల్లో ట్యాంకు తళతళలాడుతుంది. మా మెకానిక్ అదే చేస్తాడు.

చిల్లుట్యాంకు | రాత్రి 8:40

రెండోగేరు తమ్ముడూ, నా పేరు చూశావా? ఆ పేరు ఊరికే రాలేదు.

నేనూ అదే పోశాను. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పుని తిన్నాక ఆగదు, ఇనుము మీద పడుతుంది. పది నిమిషాలని చెప్పి ఇరవై నిమిషాలు ఉంచాను. కడిగాక లోపల నిజంగానే వెండిలా మెరిసింది. చూస్తుండగానే, అంటే తుడవడానికి గుడ్డ వెతుక్కునేలోపే, నారింజ రంగు తిరిగింది. మర్నాడు పెట్రోల్ పోస్తే అడుగు అతుకు వెంట మూడు చోట్ల చెమట పట్టినట్టు కారింది. సూదిమొన చిల్లులు. న్యాయంగా చెప్పాలంటే ఆ చిల్లులన్నీ యాసిడ్ చేసినవి కావు. కొన్ని ముందే ఉండుంటాయి, వాటిని మూసి ఉంచింది తుప్పే.

ఇంకో వింత చెప్తాను. ఆ గదిలో గోడకి వేలాడదీసిన స్పానర్ల సెట్టు మీద చేయి కూడా పెట్టలేదు. ఆవిరికే వారంలో అన్నిటికీ తుప్పు పట్టింది.

లోహవైద్యం | రాత్రి 9:26

మంచి అనుభవం పంచుకున్నారు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, దీనికి బాగా పనికొస్తుంది. నెమ్మదిగా పనిచేస్తుంది, మనం పొరపాటు చేసినా దిద్దుకునే టైమ్ ఇస్తుంది. కరిగిన ఇనుముని పట్టి ఉంచే గుణం కూడా దానికుంది. లీటరు నీళ్లకి 50 నుంచి 100 గ్రాములు చాలు. గోరువెచ్చటి నీళ్లయితే పని త్వరగా అవుతుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది కానీ మామూలు వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం దగ్గరే ఉంటుంది, ఒకటి రెండు రోజులు పడుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఇనుము మీద బూడిదరంగు ఫాస్ఫేట్ పొర వదులుతుంది. ఆ పొర కొంతవరకు రక్షణ కూడా.

పోయబోయే ముందు మూడు విషయాలు చూసుకోండి. ట్యాంకు అల్యూమినియందా అని అయస్కాంతంతో చూడండి, అంటుకోకపోతే ఈ చర్చ మీకు వర్తించదు. కొన్ని ట్యాంకుల లోపల జింక్ పూత ఉంటుంది, ఆమ్లం ఆ పూతని కూడా తీసేస్తుంది. కాబట్టి తుప్పు అక్కడక్కడా చుక్కల్లా మాత్రమే ఉంటే ఆమ్లం జోలికి పోకండి. మూడోది అందరూ మర్చిపోయేది: ముందు డిటర్జెంట్ వేసిన వేడినీళ్లతో జిడ్డు కడగాలి. పాత పెట్రోల్ ఎండి బంకలా పట్టి ఉంటుంది. ఆ బంక కింద ఉన్న తుప్పుకి ఆమ్లం తగలనే తగలదు.

నలభైఏడుస్క్రూలు | రాత్రి 9:50

పెచ్చులు మందంగా ఉంటే లోపల ఏదైనా వేసి గిలకొట్టాలి. నేను చెక్క స్క్రూలు 47 లెక్కపెట్టి వేశాను. గంటసేపు ఊపాను, చేతులు పడిపోయాయి. తీసి లెక్కపెడితే 46. ఆ ఒక్కటీ ఎక్కడో రేకు మడతలో ఇరుక్కుంది. రెండేళ్లయింది, ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా ఇప్పటికీ గలగలమంటుంది. మా ఆవిడ దాన్ని ఇండికేటర్ శబ్దం అనుకుంటుంది.

పాతస్పానర్ | రాత్రి 10:11

హహ్హ. అందుకే స్క్రూలు వద్దు, సన్నటి గొలుసు ముక్క వేయండి. ఒక కొస మూతి బయటే ఉండాలి, లాగితే మొత్తం వచ్చేస్తుంది. పెట్రోల్ మీటరు ఫ్లోట్ ముందే తీసేయండి, దాని సన్న కడ్డీ వంగిందంటే అదో కొత్త తలనొప్పి.

తీగలపిచ్చి | బుధవారం ఉదయం 6:48

ఎలక్ట్రాలిసిస్, అంటే కరెంటుతో తుప్పు వదిలించే మాట ఎవరూ ఎత్తలేదేం? బట్టల సోడా కలిపిన నీళ్లు, 12 వోల్టుల చార్జర్. నెగెటివ్ ట్యాంకుకి, పాజిటివ్ లోపల వేలాడే ఇనుప కడ్డీకి. కడ్డీ ట్యాంకుకి ఎక్కడా తగలకూడదు. మంచి ఇనుముని తినదు, అదే దీని గొప్ప. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే మాత్రం వద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. సోడాకి బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, అదీ వద్దు. హైడ్రోజన్ బుడగలు ఎలాగూ వస్తాయి, కాబట్టి ఆరుబయటే చేయాలి. క్లిప్పు తీసే ముందు చార్జర్ ఆపాలి.

లోహవైద్యం | ఉదయం 7:30

పద్ధతి మంచిదే. కానీ కడ్డీకి ఎదురుగా ఉన్నచోట బాగా పనిచేస్తుంది, మూలలు మిగిలిపోతాయి. ట్యాంకు లోపల ఫ్రేమ్ కోసం గుర్రపు జీనులా వంపు ఉంటుంది కదా, ఆ వంపుకి అటూ ఇటూ ఉన్న గుంటల్లోకి కడ్డీ పోదు. తుప్పంతా ఉండేది ఆ గుంటల్లోనే.

మూలపడ్డబండి | శనివారం రాత్రి 8:55

వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

కాక్ విప్పాను. జాలీ అసలు కనపడలేదు, ఎర్రమట్టి ముద్ద చుట్టిన పుల్లలా ఉంది. పాతస్పానర్ గారికి దండం. కాక్ రంధ్రానికి పాత ట్యూబు రబ్బరు ముక్క, దాని మీద రేకు, అదే బోల్టులతో బిగించాను. మీటరు రంధ్రానికీ అలాగే. ట్యాంకు పెయింట్ మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి మూతి చుట్టూ వేజలీన్ రాశాను.

డిటర్జెంట్ వేడినీళ్లు రెండుసార్లు. గొలుసు వేసి అరగంట ఊపాను. వచ్చిన నీళ్లు కుంకుడు రసంలా ఉన్నాయి. తర్వాత 12 లీటర్ల వెచ్చటి నీళ్లలో సుమారు 800 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అంచుదాకా నింపాను. కాసేపటికే సన్నటి బుడగలు. మర్నాడు ఉదయానికి నీళ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులోకి తిరిగాయి. ఫోన్ కెమెరా పెట్టి చూస్తే అడుగున బూడిదరంగు ఇనుము కనిపించింది. కానీ పైకప్పు లోపలివైపు నాలుగు వేళ్ల వెడల్పున గోధుమరంగు పట్టీ అలాగే ఉంది. అంచుదాకా నింపాననుకున్నా, మూతికి ముందువైపు గాలి బుడగ చిక్కుకుని అక్కడికి నీళ్లు చేరలేదు. మూతి గట్టిగా మూసి, ట్యాంకు తలకిందులు చేసి ఇంకో ఎనిమిది గంటలు ఉంచాను. అదీ పోయింది.

ఇక్కడే తప్పు చేశాను. పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగాను. ఇంతలో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి పావుగంట. లోపలంతా లేత నారింజ. ఏడుపొక్కటే తక్కువ.

చిల్లుట్యాంకు | రాత్రి 9:08

స్వాగతం సోదరా. మా సంఘంలో సభ్యత్వం దొరికింది మీకు.

పాతస్పానర్ | రాత్రి 9:20

కంగారు పడకండి. అది పైపై తుప్పు. పలచటి నిమ్మ ఉప్పు నీళ్లు అరగంట ఉంచితే పోతుంది. తుప్పు తీయడం రెండు రోజుల పనే కానీ అందులో మీరు చేసేదేమీ లేదు, అదే నానుతుంది. నీళ్లు పారబోసిన తర్వాతి పావుగంటే మీ పని. నూనె, గుడ్డలు, గాలి మిషన్ అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే పారబోయండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి.

చివరి కడుగు బాగా వేడినీళ్లతో. రేకు వేడెక్కితే తడి దానంతటదే ఎగిరిపోతుంది. వెంటనే వేడిగాలి.

అర్ధరాత్రిరైడర్ | రాత్రి 9:33

నేనైతే స్పిరిట్ పోసి తిప్పుతాను. మిగిలిన నీళ్లు స్పిరిట్‌లో కలిసి దాంతోపాటే బయటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్.

లోహవైద్యం | రాత్రి 9:41

ఆ రెండూ కలిపి చేయొద్దు! స్పిరిట్ ఆవిరి నిండిన ట్యాంకులోకి ఎర్రగా కాలే తీగ ఉన్న మిషన్ పెడతారా? వేడినీళ్లు, వేడిగాలి ఒక దారి. స్పిరిట్, మామూలు గాలి ఇంకో దారి. ఏదో ఒకటే. వేడిగాలి దారైనా, ట్యాంకులో పెట్రోల్ వాసన లేశం కూడా లేనప్పుడే.

అర్ధరాత్రిరైడర్ | రాత్రి 9:44

నిజమే అన్నా. ఇన్నాళ్లు అదృష్టం బాగుంది.

రెండోగేరు | రాత్రి 9:58

ఒక సందేహం. చిల్లు పడితే వెల్డింగ్ పెట్టించుకోవచ్చు కదా? ట్యాంకు ఖాళీగా ఉంటే ప్రమాదం ఏముంది?

పాతస్పానర్ | రాత్రి 10:16

తమ్ముడూ, ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. మండేది ద్రవం కాదు, ఆవిరి. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటే తక్కువ. ఖాళీ దాంట్లో అడుగున మిగిలిన రెండు చుక్కలు చాలు, మొత్తం ట్యాంకు బాంబే. ఒకసారి నీళ్లు పోసి కడిగితే పోదు, అతుకుల్లో దాక్కుని వేడి తగలగానే మళ్లీ ఆవిరవుతుంది. ఆ పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించాలి. ఇంట్లో చేసేది కాదు, చెప్పేది అంతే.

తెల్లపొర | ఆదివారం ఉదయం 8:10

ఇంత కష్టపడ్డాక లోపల ఎపాక్సీ లైనర్ (రేకు మీద గట్టిపడే పూత) వేసేయండి, మళ్లీ జన్మలో తుప్పు రాదు. నా ట్యాంకుకి వేసి ఆరేళ్లయింది, చెక్కుచెదరలేదు.

చిల్లుట్యాంకు | ఉదయం 8:37

నేను చిల్లుల కోసం గత్యంతరం లేక వేశాను. ఏడాదిన్నరకి ఉల్లిపొరలా లేచింది. ఆ పొర ముక్క కాక్‌కి అడ్డంపడి నడిరోడ్డు మీద బండి ఆగింది. తుప్పైతే కడుక్కోవచ్చు, ఈ పొరని గీకడానికి వారం పట్టింది.

తెల్లపొర | ఉదయం 8:52

జిడ్డు, తడి పూర్తిగా పోకుండా వేసుంటారు. తప్పు లైనర్‌ది కాదు.

లోహవైద్యం | ఉదయం 9:15

ఇద్దరి మాటలోనూ నిజముంది. జిడ్డూ తడీ లేని రేకు మీద మంచి ఎపాక్సీ నిలుస్తుంది. కానీ పాతరకం లైనర్లు కొన్ని ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి మెత్తబడతాయి. మన చేతిలోని డబ్బా మీద ఇథనాల్ మాట రాసి ఉందో లేదో చూసుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, చిల్లు లేని ట్యాంకుకి లైనర్ అక్కర్లేదు. ఆరబెట్టి, టూ-స్ట్రోక్ నూనె కలిపిన పెట్రోల్ కొంచెం పోసి అన్ని వైపులా తిప్పి, తర్వాత నిండుగా నింపి ఉంచితే చాలు.

ఇంజెక్షన్‌బాబు | ఉదయం 10:02

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. తుప్పు ఇంత లేదు కానీ అక్కడక్కడా మచ్చలున్నాయి. ఇదే పద్ధతా?

పాతస్పానర్ | ఉదయం 10:25

మచ్చలే అయితే ఆమ్లం వద్దు. పైన లోహవైద్యం గారు జింక్ పూత గురించి రాసింది చదవండి. పంపు మొత్తం బయటికి తీసి, దాని కింద గుడ్డసంచి లాంటి జాలీ చూడండి. ఎర్రబడితే మార్చేయండి. మీ పంపు చాలా బండ్లలో 3 బార్ ఒత్తిడి దగ్గర పనిచేస్తుంది, జాలీ మూసుకుపోతే లాగలేక వేడెక్కి చస్తుంది. ఇంజెక్టర్ రంధ్రాలు జెట్ కన్నా సన్నం, చిన్న పొడికే పట్టేస్తాయి. పంపు తిరిగి బిగించేటప్పుడు కొత్త రబ్బరు రింగు వేయండి. పాతది పెట్రోల్‌కి ఉబ్బి ఉంటుంది, మళ్లీ గాడిలో కూర్చోదు.

మూలపడ్డబండి | ఆదివారం రాత్రి 7:40

ఈసారి ఫోన్ స్విచ్ఛాఫ్. అరగంట పలచటి నిమ్మ ఉప్పు, వంటసోడా, మంచినీళ్లు, కాగిన నీళ్లు, వేడిగాలి. ట్యాంకు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, ఇరవై నిమిషాల్లో లోపల పొడి పొడి. అది చల్లబడ్డాకే నూనె కలిపిన పెట్రోల్ తిప్పాను. అంతా గచ్చకాయ రంగు. కాక్‌కి కొత్త జాలీ, పైపు మధ్యలో నైలాన్ జాలీ ఉన్న పారదర్శక ఫిల్టర్. పేపర్ ఫిల్టర్ కొనబోయాను కానీ, ధార తన బరువుతో దిగే బండికి అది అడ్డమని షాపులోనే ఒకాయన ఆపాడు.

పాతస్పానర్ | రాత్రి 8:12

బాగు బాగు. ఇక అసలు ప్రశ్న. ఆ నీళ్లు ఎక్కడివి?

మూలపడ్డబండి | రాత్రి 8:20

సగం ఖాళీ ట్యాంకు కదా, గాలిలో తేమ చల్లబడి నీరైందనుకున్నా. ఇథనాల్ కూడా నీళ్లు పీలుస్తుందంటారు.

లోహవైద్యం | రాత్రి 8:47

పీలుస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ అర శాతం దాకా నీటిని తనలో కలుపుకోగలదు. అది దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుక్కి చేరతాయి. కానీ మీరు పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోశారు. ఆ తర్వాతే గోళీకాయంత బుడగ దొరికింది.

పాతస్పానర్ | రాత్రి 9:05

నాదీ అదే అనుమానం. మూత చుట్టూ ఉన్న పళ్లెం లాంటి గుంటలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. బండి కడిగినప్పుడు పడ్డ నీళ్లు దానిగుండా, ట్యాంకు లోపలినుంచి పోయే సన్న గొట్టంలోంచి కింద నేల మీదికి పోవాలి. ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి. మూత మాత్రం మూసే ఉండాలి!

మూలపడ్డబండి | సోమవారం ఉదయం 6:35

పోశాను. గుంట చెరువులా నిండింది, చుక్క కూడా కిందికి పోలేదు. తెగిన క్లచ్ వైరులోంచి ఒక పోగు తీసి పొడిస్తే గట్టి మట్టి బిరడా, కందిరీగ గూడు కట్టినట్టుంది. నాలుగైదు పోట్లకి ఊడి, కింద బురద ధార. బండి తెచ్చిన రోజే ప్రెషర్ వాటర్‌తో కడిగించాను, మూత రబ్బరు కూడా ఎండి బిగుసుకుపోయి ఉంది. ఆ నీళ్లన్నీ మూతలోంచే దిగుంటాయి.

పాతస్పానర్ | ఉదయం 7:01

ఇంకొక్క పని. ఆ గొట్టానికి లోపల తుప్పు పట్టి చిల్లుపడితే వాన నీళ్లు సరాసరి ట్యాంకులోకే పోతాయి, రంధ్రం బాగుచేసినా ఉపయోగం ఉండదు. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం కింది కొస వేలితో మూసి, పైనుంచి గొట్టం నిండేదాకా నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి.

మూలపడ్డబండి | సోమవారం రాత్రి 9:18

వేలు తిమ్మిరెక్కింది కానీ గొట్టంలో మట్టం తగ్గలేదు. లోపల మీటరు రంధ్రం గుండా వేసిన కాగితం ముక్క పొడిగానే వచ్చింది. మూత రబ్బరు మార్చాను. సాయంత్రం 60 కిలోమీటర్లు తిరిగాను, 20 కిలోమీటర్లు రిజర్వ్‌లోనే. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఫిల్టర్ అడుగున మిరియపు గింజంత ఎర్రపొడి ఉంది, అంతే.

పాతస్పానర్ | రాత్రి 9:30

అది మిగిలిపోయిన దుమ్ము. 300 కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ ఫొటో పెట్టండి. అప్పటికీ అంతే ఉంటే సరే, పెరిగితే మళ్లీ మాట్లాడుకుందాం.

నలభైఏడుస్క్రూలు | రాత్రి 9:52

మీటరు రంధ్రంలోంచి ఫోన్ కెమెరా పెట్టొచ్చని ఈ చర్చ చదివే తెలిసింది. ఇప్పుడే చూశాను. జీను వంపు వెనకాల, అతుకు మీద పడుకుని ఉంది నా స్క్రూ. అయస్కాంతం అక్కడిదాకా ఎలా పంపాలో ఎవరైనా చెప్పండి.